డీసీఎం అను మాట

జమ్మికుంట మార్కెట్టునకు పత్తి తోలవలసినపుడైనను, ఆదిలాబాదు పల్లెలలో పెండ్లివారు బయలుదేరవలసినపుడైనను, మనవారు “డీసీఎం మాట్లాడిన్రా?” అని అడుగుదురే గాని, వచ్చిన బండి ఏ కార్ఖానాలో పుట్టినదో విచారింపరు. ఢిల్లీ క్లాత్ మిల్లువారు జపాను టొయోటాతో కలిసి 1980లలో చేసిన చిన్న లారీ పేరు, ఆ పొత్తు ఏనాడో చెదరినను, చిన్న లారీలన్నింటికిని ఇంటిపేరై మన నోట నిలిచినది. అదే కాలమున మన రాష్ట్ర ప్రభుత్వ సంస్థయగు హైదరాబాదు ఆల్విన్, నిస్సానుతో కూడి జహీరాబాదులో చేసిన బండి పేరు మాత్రము అడిగినను చెప్పువారు లేరు.

ఆల్విన్ సామాన్య సంస్థ కాదు. కాగజ్‌నగరులోని సిర్పూరు కాగితపు మిల్లునకు పెట్టుబడి పెట్టిన నిజాము పారిశ్రామిక నిధియే 1942లో దీనికిని పురుడు పోసినది. మేము చిన్ననాట ఎక్కిన ఆర్టీసీ బస్సు బాడీ మొదలు మేనమామ చేతి గడియారము వరకు దాని పేరే.

ఆల్విన్ వలెనే, 1984 అక్టోబరులో చైనాలోని షాంఘై ప్రభుత్వ మోటారు సంస్థయు విదేశీ పొత్తు కోరి జర్మనీ ఫోక్స్‌వాగనుతో ఒడంబడిక చేసికొన్నది. పెట్టెలలో వచ్చిన భాగములను బిగించుటయే వారి తొలి విద్య, మనదియు అంతే. కాని షాంఘై పాలకులు ఆ పొత్తున తయారై అమ్ముడుపోయిన ప్రతి శాంటానా కారుపైనను కొంత రుసుము రాబట్టి, ఆ సొమ్మును విడిభాగములు చేయు స్థానిక కార్ఖానాలకు మదుపుగా ఇచ్చి, బోల్టు నుండి ఇంజను వరకు ఊరిలోనే తయారగునట్లు పట్టుపట్టిరి. ఇచట 1985 తరువాత యెన్ విలువ పెరిగి, జపాను భాగములు భారమై, ఆ దశాబ్దాంతమున మహీంద్రావారు ప్రవేశింపగా ఆల్విన్ పేరు క్రమముగా చెరిగిపోయినది.

చైనావారి మార్గము నిష్కళంకమని నేననను. విదేశీ కంపెనీలతో ఇట్టి పొత్తులు నల్లమందు వంటివని వారి మాజీ మంత్రి హె గ్వాంగ్‌యువానే 2012లో వాపోయెను. అయినను ఆ షాంఘై సంస్థయే 2017లో గుజరాతులోని హలోలు కార్ఖానాను జనరల్ మోటార్స్ నుండి కొని, 2019 నుండి ఎంజీ పేరుతో మనకు కార్లు అమ్ముచున్నది. 2023లో మన దేశపు జేఎస్‌డబ్ల్యూవారు ఆ ఎంజీ భారత వ్యాపారములో 35 శాతము వాటాకు ఒప్పుకొనిరి. నాటి శిష్యుడు నేడు మన గడపలో గురుపీఠమెక్కినాడు.

కరెంటు బండ్ల కంపెనీలకు భూములును రాయితీలును ఇవ్వనున్న మన పాలకులకు నా విన్నపమొక్కటే: ఏ భాగము ఏ యేటికి ఇచట తయారగునో ముందుగా కాగితముపై వ్రాయించుకొనుడు, సంతకము పిమ్మట చేయవచ్చును.