జువ్వా ఏదో, ఖిస్సా ఏదో ముందు తేల్చుకోండి



మన ఇళ్లలో ఈమధ్య ఒక కొత్త ఫత్వా చెలామణి అవుతోంది. ఇచ్చింది ఏ ముఫ్తీ సాబూ కాదు. మామూజాన్‌లు, చాచాజాన్‌లు ఇచ్చారు, వాట్సాప్ ఊరంతా పంచింది. "ఆన్‌లైన్ గేమ్ అంటేనే హరామ్." అంతే, ఒక్క ముక్క. ఏ గేమ్? అందులో పైసలు పెట్టారా? అందులో నడిచే ఖిస్సా ఏమిటి? ఒక్క సవాల్ లేదు. ముల్జిమ్‌ని విచారించకుండానే సజా.

నేను సాఫ్‌గా చెబుతాను. ఈ ఫత్వా గలత్. గలత్ కావడం ఒక ఎత్తు, దానివల్ల జరిగే నుక్సాన్ ఇంకో ఎత్తు. దీని చాటున అసలు జువ్వా దర్జాగా తప్పించుకుంటోంది. కథలంటే ప్రాణమిచ్చే పిల్లలు దొంగల్లా తల వంచుకుని నిలబడుతున్నారు.

రాజోలు దగ్గర నాకు తెలిసిన ఒక ఇల్లు ఉంది. అబ్బా కువైట్‌లో, కొడుకు ఇంజనీరింగ్‌లో. టోల్కీన్ రాసిన 'ద లార్డ్ ఆఫ్ ది రింగ్స్' నవలని ఆ అబ్బాయి పట్టుబట్టి ఇంగ్లీషులోనే చదివాడు. ఆ నవల మీదే కట్టిన ఆన్‌లైన్ ఆట ఒకటుందని తెలిసి, సెలవుల్లో లాప్‌టాప్‌లో మొదలుపెట్టాడు. అమలాపురం నుంచి వచ్చిన మామూ తెర మీద పొడుగు గడ్డం జాదూగర్‌ని చూశాడు. లాప్‌టాప్ తీసుకెళ్లి బీరువాలో పెట్టి తాళం వేశాడు. "మన ఖాందాన్‌లో జువ్వారీలు లేరు" అన్నాడట. ఆ మామూయే 2025 వేసవి దాకా ఐపీఎల్ వస్తే ఫోన్‌లో టీమ్ కట్టి యాభై, వంద పెట్టిన మనిషి. దాని పేరు ఫాంటసీ క్రికెట్. పిల్లవాడు ఆడింది ఫాంటసీ కథ. పేరులో ఒక మాట కలిసింది గానీ, ఒకదాంట్లో పైసలున్నాయి, రెండోదాంట్లో ఖిస్సా ఉంది. తాళం ఖిస్సాకే పడింది.

సరే, ఆ ఆట ఏమిటో చూద్దాం. చూడకుండా తీర్పు చెప్పడం మన తహజీబ్ కాదు కదా.

దాని పేరు 'ద లార్డ్ ఆఫ్ ది రింగ్స్ ఆన్‌లైన్'. 2007 ఏప్రిల్ 24న మొదలైంది, ఇప్పటికీ నడుస్తోంది. నవల 1954, 55లలో వచ్చింది. ఆటలో వేర్వేరు దేశాలవాళ్లు ఒకే ప్రపంచంలోకి ఒకేసారి వస్తారు. కథానాయకుడి వేషం ఎవరికీ దొరకదు. నువ్వొక మామూలు ముసాఫిర్‌వి. ఉంగరాన్ని నాశనం చేయడానికి బయలుదేరిన ఆ చిన్న జట్టుకి పక్కనుంచి మదద్ చేస్తూ పోతావు. షైర్ అనే పల్లె ప్రాంతంలో హాబిట్లుంటారు. పొట్టివాళ్లు, తిండిప్రియులు, తోటపని అంటే ఇష్టం, పక్కింటి సంగతులంటే ఇంకా ఇష్టం. నాలుగు కొబ్బరిచెట్లు నాటితే అచ్చం మన లంక ఊరే. అక్కడ ఆటగాడికి ఇచ్చే పనుల్లో ఊరూరా ఉత్తరాలు చేరవేయడం ఒకటి, మిఠాయి లాంటి పై అనే వంటకం పాడవకుండా ఇంటింటికీ మోయడం ఇంకొకటి. జట్టు కట్టినవాళ్ల సంఘాన్ని 'కిన్‌షిప్' అంటారు, మన మాటలో బిరాదరీ. వీణలాంటి వాయిద్యాలు తీసుకుని నలుగురూ కూడి సంగీతం కూడా వాయిస్తారు. ఇందులో జువ్వా ఎక్కడుందో నాకు చూపించండి.

"జాదూ ఉంది కదా, జాదూ హరామ్ కదా" అంటారు. జాదూ చేయడం హరామ్, ఇందులో షక్ లేదు. కానీ కథలో జాదూగర్ ఉంటే కథ హరామ్ అయిపోతుందా? అలాగైతే మన బుజుర్గుల అల్మారాలు ముందు తగలబెట్టాలి. లక్నోలో నవల్ కిశోర్ ప్రెస్ 1883 నుంచి అచ్చు వేసిన 'తిలిస్మ్-ఏ-హోష్‌రుబా' నిండా జాదూగర్లే. జాదూగర్ల బాద్షా అఫ్రాసియాబ్ ఒకవైపు, ఏదైనా పట్టేసే జంబీల్ సంచి భుజాన వేసుకున్న అమర్ అయ్యార్ ఇంకోవైపు. రాసినవాళ్లు ముహమ్మద్ హుసేన్ జాహ్, అహ్మద్ హుసేన్ ఖమర్, ఇద్దరూ ముసల్మాన్లే. అది భాగంగా ఉన్న 'దాస్తాన్-ఏ-అమీర్ హంజా' మొత్తం 46 సంపుటాలు. అంతకు మూడొందల ఏళ్ల ముందే అక్బర్ బాద్షా ఈ హంజా కథకి 1400 బొమ్మలు గీయించాడు. తిలిస్మ్ అంటే ఏమిటి? జాదూతో కట్టిన ప్రపంచం. లోపలికి వెళ్తావు, చిక్కుకుంటావు, నిషానీలు వెతుకుతావు, దోస్తులతో కలిసి తిలిస్మ్‌ని బద్దలుకొట్టి బయటికొస్తావు. పిల్లలు కంప్యూటర్ ముందు చేస్తున్నది ఇదే. దాస్తాన్ కొత్త లిబాస్ వేసుకుంది, మనం పోల్చుకోలేకపోతున్నాం.

తెలుగులోకి కూడా ఈ సంపద వచ్చింది. ఉర్దూలో నిహాల్‌చంద్ లాహోరీ చెప్పిన గుల్-ఏ-బకావలి కథ ఎన్టీఆర్ వేషం కట్టి 1962లో 'గులేబకావళి కథ' అయితే కోనసీమలో మన దాదీలు, నానీలు బండ్లు కట్టించుకుని పోయి చూశారు. ఎవరి ఈమానూ పోలేదు.

ఇల్మ్ ఉన్నవాళ్లు ఇంకో దలీల్ తెస్తారు. దానికి జవాబు చెప్పకుండా పోవడం బేఇన్సాఫీ. సూరా లుఖ్మాన్ 6వ ఆయత్‌లో 'లహ్వల్ హదీస్' మాట ఉంది. రుస్తుం, ఇస్ఫందియార్ కథలు చెప్పి జనాన్ని ఖుర్ఆన్ వినకుండా లాగేసిన నజ్ర్ బిన్ హారిస్ గురించి అది దిగిందని తఫ్సీర్లలో ఉంది. నిజమే. అయితే ఆయత్ మొత్తం చదవండి. అక్కడ పట్టుకున్నది అల్లాహ్ మార్గం నుంచి తప్పించాలనే నియ్యత్‌ని. కథ చెప్పడమే గునాహ్ అయితే ఖుర్ఆన్ సూరా యూసుఫ్ మొదట్లోనే తన ఖిస్సాని అహ్సనుల్ ఖసస్ అని ఎందుకు అంటుంది?

ఇంకో సంగతి. అబూ దావూద్‌లో ఉన్న హదీస్ ఇది. హజ్రత్ ఆయిషా (రజి) బొమ్మల మధ్య గుడ్డపీలికల రెక్కలున్న గుర్రం ఒకటి కనిపించింది. ఇదేమిటని హుజూర్ (స) అడిగారు. గుర్రమని చెబితే, గుర్రానికి రెక్కలా అన్నారు. సులైమాన్ (అ) గుర్రాలకు రెక్కలుండేవని మీరు వినలేదా అని ఆవిడ జవాబు. హుజూర్ (స) దంతాలు కనిపించేలా నవ్వారు. బొమ్మ లాక్కోలేదు, బీరువాలో పెట్టలేదు. మన మామూజాన్‌లకు అంతకంటే ఎక్కువ దీన్ తెలుసా?

అలాగని ఆటలన్నీ దూధ్ కా ధులా అని నేను అనడం లేదు. ఇదే ఆటలో తాళం వేసిన పెట్టెలు దొరుకుతాయి. తాళంచెవి కొనాలంటే పైసలు. పెట్టెలో ఏముందో తెరిచేదాకా తెలియదు, నసీబ్ మీద ఆధారం. ఇది జువ్వాకి సొంత చెల్లెలు. ఇలాంటి పెట్టెలు తమ చట్టం ప్రకారం జూదమేనని బెల్జియం 2018లోనే తేల్చింది. సూరా బఖరా 219, సూరా మాయిదా 90 ఆయత్‌లలో మైసిర్ గురించి ఉన్న మాట నేరుగా తగిలేది ఇక్కడ. హాబిట్ల సరాయిల్లో బీరు, చిలుం కూడా ఉంటాయి. ముక్కూమొహం తెలియనివాళ్లు చాట్‌లోకి వస్తారు. అమెరికాలో దీనికి ఇచ్చిన రేటింగ్ 13 ఏళ్లు దాటినవాళ్లకి. కాబట్టి ఎనిమిదేళ్ల పిల్లాడి చేతికి ఇవ్వకండి. తెల్లవార్లూ ఆడి ఫజర్ పోగొట్టుకుంటే అది ఆట కాదు, ఆఫత్. ఇవన్నీ చెప్పాల్సిందే. కానీ ఇవి చెప్పాలంటే ముందు పిల్లవాడి పక్కన కూర్చుని ఆ తెర చూడాలి. తాళం వేసినవాడికి ఏ పెట్టె ప్రమాదమో, ఏ కథ హలాలో ఎలా తెలుస్తుంది?

సర్కార్‌కి కూడా ఈ తేడా తెలిసింది. ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ రమ్మీని, పోకర్‌ని, బెట్టింగ్‌ని నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంట్ చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం పైసలు పెట్టి ఆడే ఆటలన్నిటినీ దేశమంతా ఆపింది. అదే చట్టం ఈ-స్పోర్ట్స్‌ని, పైసల పందెం లేని ఆటల్ని వేరుగా పెట్టి, వాటికి దారి ఉంచింది. మామూ ఫోన్‌లో టీమ్ కట్టడం మానేసింది అప్పుడే. తౌబా చేసి కాదు, పైసలు తీసుకోవడం ఆపేశారు కాబట్టి.

ఇక మన కోనసీమ మాట. సంక్రాంతి మూడు రోజులూ కోడిపందేల బరులు ఎలా నిండుతాయో నేను చెప్పాలా? పక్కనే గుండాట. "ఊరికే చూడ్డానికి వెళ్లాం" అనే టోపీలు అక్కడ కనిపించవా? ఆ పెద్దమనిషి ఇంటికొచ్చి హాబిట్‌ని చూసి అస్తగ్‌ఫిరుల్లాహ్ అంటాడు!

2022 మే 24 గుర్తుందా? జిల్లా పేరుకి అంబేడ్కర్ పేరు కలపడం మీద గొడవ రేగి అమలాపురంలో ఒక మంత్రి ఇల్లు, ఒక ఎమ్మెల్యే ఇల్లు తగలబడ్డాయి. ఆ తర్వాత రోజుల తరబడి కోనసీమలో ఇంటర్నెట్ బంద్. పిల్లలు తెర మీద రాక్షసులతో యుద్ధం చేస్తున్నారని ఆపారా? కాదు. పెద్దవాళ్ల ఫోన్లలో గ్రూపులు, పుకార్లు పరుగులు తీస్తున్నాయని ఆపారు. అయినా ఏ ఇంట్లోనూ ఏ చాచా ఫోన్ బీరువాలోకి పోలేదు. మన ఇళ్లలో సజా ఎప్పుడూ వయసు చూసి పడుతుంది, గునాహ్ చూసి కాదు.

అసలు దర్ద్ ఏమిటంటే, పిల్లలకి ఇవ్వడానికి మన దగ్గర ఖిస్సా మిగల్లేదు. దిల్లీ చివరి దాస్తాన్‌గో మీర్ బాఖర్ అలీ 1928లో పోయారు. 2005లో షమ్సుర్ రహ్మాన్ ఫారూఖీ, మహ్మూద్ ఫారూఖీ కలిసి ఆ ఫన్‌కి మళ్లీ జాన్ పోశారు. ఆ ఖబర్ రాజోలు, కొత్తపేట గల్లీల దాకా రాలేదు. ఉర్దూ లిపి మన ఇళ్లలో పోతోంది, అమీర్ హంజాని ఇంటిల్లిపాదీ కూర్చుని చదువుకునేలా తెలుగులో ఎవరూ ఇవ్వలేదు. ఖాళీ కడుపుతో ఉన్న పిల్లవాడు పక్కింట్లో అన్నం తిన్నాడు. అన్నం పెట్టని మనం వాడి చెయ్యి విరిచేస్తున్నాం.

వాడు ఆ నవలలో నేర్చుకున్నది ఏమిటో ఒక్కసారి అడగండి. దునియాని ఏలే తాఖత్ ఉన్న ఉంగరం ఒక చిన్నవాడి చేతికి దొరికింది. వాడికి దాన్ని వాడుకోవాలన్న ఆశ పుడుతుంది, నఫ్స్ లాగుతుంది. అయినా దాన్ని అగ్నిపర్వతంలో పారేయడానికే నడుస్తాడు. నఫ్స్‌తో జిహాద్ గురించి ఎన్ని తఖ్రీర్లు విన్నాం! ఇంత సాఫ్‌గా పిల్లలకి ఎన్ని అర్థమయ్యాయి?

కాబట్టి అబ్బాలకి, మామూలకి, చాచాలకి నా మాట ఇది. లాప్‌టాప్ బీరువాలోంచి తీసి హాల్లో పెట్టండి. పైసల పెట్టెలు మనా, తెలియనివాళ్లతో చాట్ మనా అని హద్దులు గీయండి. ఇషా తర్వాత ఇంతసేపే అని వక్త్ పెట్టండి. కువైట్‌లో, ఖతర్‌లో ఉన్న భాయియో, అక్కడ రాత్రి 8 అయితే ఇక్కడ 10న్నర. ఆ ఫోన్‌లో "ఫీజు కట్టావా, మార్కులెన్ని" అని అడిగాక ఇంకో సవాల్ కూడా అడగండి: "బేటా, నీ ఖాఫిలా ఎక్కడిదాకా చేరింది?" చెప్పనివ్వండి. తర్వాత మీ దాదా చెప్పిన అమర్ అయ్యార్ ముచ్చట ఏదైనా గుర్తుంటే వాడికి చెప్పండి.

జువ్వాని పట్టుకోవడానికి మీకు హిమ్మత్ ఉంటే కోడిపందెం బరి దగ్గర మొదలుపెట్టండి. ఖిస్సాని మాత్రం పిల్లలకి వదిలేయండి.