క్యాంపస్ ప్రహరీగోడ దగ్గర ఆగిపోదు

పలాస-కాశీబుగ్గ జీడి కార్ఖానాల్లో పిక్కలు వొలిచిన కూలితో తల్లి కూతుర్ని ఎచ్చెర్లలో ఎమ్మే చదివిస్తుంది. ఆ అమ్మాయి హాస్టల్లో ఉంటుంది, లేదా టెక్కలి నుంచి రోజూ బస్సెక్కుతుంది. ఒకప్పుడు ఆంధ్రా విశ్వవిద్యాలయం పీజీ కేంద్రం ఉన్నచోట 2008లో అంబేద్కర్ విశ్వవిద్యాలయం ఏర్పడి, ఉద్దానం పిల్లలకు పెద్దచదువు దగ్గరైంది. భద్రత కూడా దగ్గరైందా?

వేధింపు ఎదురైతే అమ్మాయి ఇంట్లో చెప్పదు. చెబితే శిక్ష పడేది వేధించినవాడికి కాదు, ఆమె చదువుకి. "చదివింది చాలు, వచ్చేయ్" అంటారు. ఆమె మౌనం పిరికితనం కాదు, చదువు నిలుపుకోవడానికి చెల్లిస్తున్న మూల్యం.

1997 విశాఖ తీర్పు, 2013 చట్టం తర్వాత వచ్చిన 2015 యు.జి.సి. నిబంధనల ప్రకారం హాస్టలు, కాంటీను, క్షేత్రపర్యటన, విద్యాసంస్థ నడిపే బస్సు అన్నీ క్యాంపస్సే. హాస్టలు ఊడ్చే కాంట్రాక్టు కార్మికురాలికీ ఫిర్యాదు చేసే హక్కుంది. విచారణ సమయంలో బాధితురాలికి మూడు నెలల దాకా సెలవు ఇవ్వొచ్చు. ఆమె పోలీసుల దగ్గరికి వెళ్ళాలనుకుంటే కమిటీ తోడ్పడాలి.

ఆర్టీసీ బస్సు మాటేమిటి? నిబంధనల్లో దాని పేరు లేదు. పల్లె విద్యార్థిని రోజూ గంటల తరబడి ఉండేది అందులోనే. ఈ ప్రయాణాన్నీ కమిటీలు తమ బాధ్యతగా తీసుకోవాలి. కమిటీ సభ్యుల పేర్లు హాస్టల్లో, మెస్సులో, బస్టాపులో తెలుగులో రాసిపెట్టాలి. కమిటీలో మహిళా సంఘాల నుంచి తీసుకునే బయటి సభ్యురాలు శ్రామిక స్త్రీల బతుకు తెలిసినామె కావాలి.

ఫిర్యాదు చేసిన అమ్మాయి పరీక్ష రాసి, పట్టా పుచ్చుకుని ఊరెళ్ళిందా? కమిటీ పనిచేసిందనడానికి అదే మనకు కొలబద్ద.