పాత కంప్రెసరు – బాగుచేయదగినది, చేయరానిది

షోలాపూరు, భివండీలలోని మన మరమగ్గాల కార్ఖానాలలో ఒక మూలను పాత పిస్టను కంప్రెసరు కనిపించుట సాధారణము. సాంచాలమీద పేరుకొనే నూలు పీచును ఊదివేయుటకు దానిని వాడుతారు. అది చెడిపోయినప్పుడు దుకాణదారు చెప్పే మాట ఒక్కటే: “ఈ మోడలుకు సామాను రావడము ఆగిపోయింది, కొత్తది తీసుకోండి.” ఆ మాట విని వెంటనే యంత్రాన్ని భంగారుకు వేయుట తొందరపాటని మా అభిప్రాయము. అయితే కంప్రెసరు అనగా రెండు వస్తువులు: గాలిని అదిమే పంపు ఒకటి, ఆ గాలిని నిలువ చేసే టాంకీ ఒకటి. పంపు విషయములో ఎంత పొదుపైనా చేయవచ్చును. టాంకీ విషయములో పైసా పొదుపు కూడ పనికిరాదు.

ముందు రోగమేదో తెలియాలి. ఫిల్టరునుంచి గాలి వెనుకకు తన్నుతున్నదా, గాలిని లోనికి తీసే వాల్వు సరిగా కూర్చొనడము లేదు. నూనె త్వరగా తరిగి గాలితోపాటు తుంపర వస్తున్నదా, రింగులు అరిగినవి. మోటారు ఆగిన తరువాత కూడ స్విచ్చి దగ్గర బుస వినిపిస్తూనే వుంటే, టాంకీలోని గాలిని వెనుకకు రానీయకుండ ఆపే వాల్వు చెడినది. చాలచోట్ల ఇవేవీ కాక గొట్టాల అతుకులే కారణము. సబ్బునీళ్లు రాసి చూస్తే బుడగలే చెప్పుతవి. 100 పౌండ్ల ఒత్తిడిలో 1/8 అంగుళపు రంధ్రమునుంచి నిమిషానికి సుమారు 25 ఘనపుటడుగుల గాలి పోతుంది. 5 గుర్రపు శక్తి గల కంప్రెసరు పుట్టించే గాలి సాధారణముగా అంతకన్న తక్కువే. ఆ రంధ్రము మూయక రింగులు మార్చి ఏమి లాభము?

రింగులకు కంపెనీ పేరుతో కాదు, కొలతతో వెతకాలి. సిలిండరు వ్యాసము, గాడి వెడల్పు, లోతు కొలిపించి తీసుకొనిపోతే మోటారు సామాను బజారులో సరిపడేవి దొరకవచ్చును. కొత్త రింగును సిలిండరులో నిలిపి కొసల మధ్య సందును ఫీలరు గేజితో చూడాలి. వ్యాసములో ఒక్కొక్క అంగుళానికి సుమారు 3, 4 థౌల సందు లేకపోతే వేడికి బిగుసుకొంటుంది. గాస్కెటును షీటునుంచి మనమే కోసుకొనవచ్చును గాని పాతదాని మందమే వుండాలి. పలుచనైతే పిస్టను హెడ్డుకు తగలవచ్చును, మందమైతే గాలి తగ్గుతుంది. వాల్వు రేకును మాత్రము చేతికి దొరికిన రేకునుంచి కత్తిరించరాదు. అది స్ప్రింగు ఉక్కు. వేరే రేకు నాలుగునాళ్లకు విరిగి సిలిండరులో పడితే పిస్టను కూడ పోతుంది, అప్పుడు నిజముగానే భంగారు దుకాణము గతి.

ఇక టాంకీ. గాలిలోని తేమ నీరై దాని అడుగున చేరుతుంది. ఆ నీటిని ప్రతిదినము వదలకపోతే లోపలినుంచి తుప్పు తింటుంది. పైన రంగు నిగనిగలాడుతూనే వుంటుంది. చెమ్మ కనిపించగానే వెల్డింగువానిని పిలిచి అతుకు వేయించేవారున్నారు. ఒకచోట చిల్లి పడినదంటే చుట్టుప్రక్కల రేకు కూడ పలుచబడి వుండును. సాంచాల గదికి, పిల్లలు పడుకొనే గదికి మధ్య ఒకే గోడ వున్న ఇండ్లు మన వాడలలో ఎన్ని లేవు! సేఫ్టీ వాల్వు కారుతున్నదని బిగించి మూసివేయుట ఇంకా ఘోరము. సురక్షితమైన ఒత్తిడి మించకుండ చూడాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము 31వ సెక్షనులోనే విధించినారు. చిన్న కార్ఖానాకు ఇట్టి చట్టాలు వర్తించవని వాదించేవారికి, టాంకీలోని గాలికి ఆ భేదము తెలియదని మనవి.

అనుమానమున్న టాంకీని తెలిసినవారిచేత నీటితో నింపించి, ఒత్తిడి పెట్టించి పరీక్ష చేయించాలి. నీరు గాలివలె అణగదు, కనుక రేకు చీలినా గాలి టాంకీవలె పేలదు. పరీక్షలో ఓడితే కొత్త టాంకీ కొని, పాత పంపునే దానిపై కూర్చోబెట్టుకొనవచ్చును.

ఒకే కొలత రింగుకోసము పదిమంది పది బజారులు తిరుగుతున్నారు. సంఘ కార్యాలయములో ఒక కొలతల పుస్తకము వుంచాలని, కావలసినవారందరి తరఫున ఒకే ఆర్డరు ఇవ్వాలని మేము కోరుతున్నాము. నాలుగు రింగులంటే లేతువాడు తలయెత్తి చూడడు, నలభై అంటే కుర్చీ వేస్తాడు. బొత్తిగా పనికిరాని కంప్రెసరును అమ్మేముందు దాని హెడ్డు, వాల్వు పలక విప్పి సంఘానికి ఇచ్చేవారుంటే వాటిని నూనె పూసి భద్రపరచుటకు ఒక బీరువా చాలును.