విత్తనం బట్ట తాకా కాదు



మొన్నటి మీటింగులో ఒక మాట వచ్చింది. ఫాల్గుణంలోనే అందరికీ కలిపి పల్లి, సోయా, వడ్ల విత్తనం ఇక్కడే చవకగా కొందాం, ఖాళీగా ఉన్న రేకుల గోదాంలో పెడదాం, మిరుగుకు ఊరికి పోయేటోళ్లు పట్టుకపోతరు అని. అందరితో పాటు మేమూ చప్పట్లు కొట్టినం. ఇప్పుడు అదే నోటితో వద్దంటున్నాం.

విత్తనం ప్రాణమున్న వస్తువు. సంచిలో కూడా ఊపిరి తీస్తూనే ఉంటుంది. వేడి, తేమ పెరిగితే లోపలి బలం తొందరగా కరిగిపోతుంది. గింజలో తేమ ఒక్క శాతం తగ్గినా, గది వేడి 5 డిగ్రీల సెల్సియస్ తగ్గినా దాని ఆయుష్షు దాదాపు రెట్టింపు అవుతుందని హారింగ్టన్ అనే శాస్త్రవేత్త ఒక మోటు లెక్క చెప్పాడు. దాన్నే తిప్పి చదవండి. మన గోదాంలో రెండూ పెరుగుతాయి.

"వానలకు ముందే తీసుకపోతం గదా, తేమ ఎక్కడిది?" అని ఒక పెద్దాయన అడిగారు. అన్నా, ఖాడీ పక్కన ఊరు మనది. మే నెలలో ఒంటి మీద చెమట ఆరదు. సాంచాలు నడిపేటోళ్లం మనకు తెలియనిదా! గాలిలో తేమ ఉంటే నూలు పోగు తెగదని సంతోషిస్తాం. పోగుకు మేలు చేసే ఆ గాలే గింజను చంపుతుంది. ఎండిన గింజ గాలిలోని తేమను తాగుతుంది, పైనుంచి రేకులు కాలుతుంటాయి.

అన్నిటికంటే ముందు పోయేది సోయా. దాని పొట్టు పలుచన, హమాలీ బస్తాను ఎత్తు నుంచి పడేసినా మొలక దెబ్బతింటుంది. పల్లిలో నూనె ఎక్కువ, అదీ ఆగదు. అందుకే మన అమ్మమ్మలు పల్లిని కాయగానే దాచి, విత్తే ముందే ఒలిచేవాళ్లు. కందులకు బూడిద కలిపి కాగులో పోసి, మూతికి పేడ మెత్తేవాళ్లు. పటాన్‌చెరు ఇక్రిశాట్ జన్యు బ్యాంకులో విత్తనాన్ని బాగా ఆరబెట్టి, గాలి చొరకుండా మూసి, మైనస్ 20 డిగ్రీల్లో దాస్తారు. తేమ, గాలి తగలనీయవద్దన్న సంగతి ఇద్దరికీ తెలుసు. మనమే మరిచిపోయినం.

సంచికి నీలి ట్యాగు ఉంది గదా అంటారు. ట్యాగు మీది మొలక శాతం పరీక్ష చేసిన నాటిది. మన గోదాంలో రెండు నెలలు ఉడికిన తర్వాతిది కాదు. నకిలీ విత్తనం అమ్మే దొంగలు లేరని మేము అనడం లేదు, బిల్లు తప్పక దాచుకోండి. కానీ మొలక రాని ప్రతిసారీ దుకాణదారు కాలర్ పట్టుకునే ముందు, ఆ సంచి మన ఇంట్లో ఏ మూల ఎన్ని రోజులు ఉందో కూడా చెప్పుకోవాలి. పోయినేడు మాలో ఒకరు సాంచాల పక్కన సంచి పెట్టి, ఊళ్లో రెండుసార్లు విత్తారు. కూలి, దున్నకం, అదను అన్నీ పోయాయి. కాలర్ మాత్రం దుకాణదారుదే పట్టారు.

ఇప్పటికే కొన్నవాళ్లు ఈ ఆదివారమే 100 గింజలు తడిగుడ్డలో చుట్టి చూడండి. గుడ్డ ఆరనీయకండి. వారం పది రోజుల్లో వడ్లు 80, పల్లి, సోయా 70 అయినా మొలవాలి. అంతకంటే తగ్గితే పొలానికి మోయకండి. కొననివాళ్లు ఊరికి పోయినాకే, విత్తడానికి కొద్ది రోజుల ముందు కొనండి. సంచికి పది ఇరవై రూపాయలు ఎక్కువైనా సరే.

వచ్చే మీటింగులో ఈ గోదాం తీర్మానానికి మేము చెయ్యి ఎత్తం.