చేపలు లేని తొట్టి

మొన్న సంక్రాంతికి స్వస్థలమునకు పోయినపుడు అచటి ఉన్నత పాఠశాలవారు నన్ను పిల్లలతో నాలుగు మాటలు మాటాడుటకు పిలిచిరి. ప్రధానోపాధ్యాయుని గదిలో ఒక గాజుతొట్టి యుండెను. అందు రంగురాళ్లు, బుడగలు విడుచు బొమ్మ మొసలి, నాలుగు బంగారు చేపలు. నేను పండ్రెండేండ్లు ఉప్పునీటి తొట్టిని పోషించినవాడనని విని ఆయన చాల సంతోషించి, "మా చేపలు నెలకు ఒకటో రెండో పోతుంటాయండీ. పోయినప్పుడల్లా ఆదివారం పూట కొత్తవి తెప్పించి వేస్తున్నాం. పిల్లలకు తెలియదు లెండి" అనిరి.

ఆయన సదుద్దేశముతోనే ఆ మాట అనిరి. చేప చచ్చుట బడికి అవమానమనియు, పిల్లలకు దుఃఖకరమనియు వారి తలంపు. నా అభిప్రాయము వేరు. చచ్చిన చేపను పిల్లల కంటబడకుండ మార్చివేసినచో, ఆ తొట్టి నేర్పగలిగిన పాఠములలో పెద్దదానిని వారికి దక్కకుండ చేసినట్లే. ఈ మాట చెప్పుటకు నాకు గల అర్హత ఒక్కటే. నా చేతిలో చచ్చిన ప్రాణులు చాల కలవు. వాని లెక్క నా యొద్ద వ్రాతపూర్వకముగా నున్నది.

నేను రసాయనశాస్త్రము బోధించినవాడను. ఉద్యోగరీత్యా అమెరికాలోని హ్యూస్టన్ నగరమున చాలకాలముంటిని. 2012లో అచట పగడపు తొట్టి ప్రారంభించితిని. 55 గ్యాలన్లది, అనగా సుమారు 208 లీటర్లు. పగడములు రాళ్లని మనలో పెక్కురి భావన. అవి జంతువులు. గోరంతయు లేని ప్రాణులు వేలకొలది యొకచోట జేరి, నీటిలోని కాల్షియమును గ్రహించి తమ క్రింద తామే రాతిగూడు కట్టుకొనును. వాని దేహములలో సూక్ష్మమైన శైవలములు వసించుచు, వెలుతురుతో ఆహారము తయారుచేసి, ఆశ్రయమిచ్చిన జంతువునకు పంచుచుండును. ఆ జంతువు ఇల్లు విడిచి పోజాలదు. నీరు చెడినచో అచటనే చచ్చును.

అందుచేత మొదట నేర్వవలసినది నీటి సంగతి. లీటరునకు 35 గ్రాముల చొప్పున నా తొట్టికి ఏడు కిలోలకు మించి ఉప్పు పట్టెను. వంట ఉప్పు పనికిరాదు. మెగ్నీషియము, కాల్షియము, పొటాషియము మున్నగువాని లవణములు సముద్రమందున్న పాళ్లలోనే యుండవలెను. నీరు ఆవిరియగునపుడు ఉప్పు ఆవిరి కాదన్న సంగతి ఎనిమిదవ తరగతి పిల్లవానికిని తెలియును. అయినను మొదటి పదిదినములు తగ్గిన నీటికి బదులు నేను ఉప్పునీటినే పోయుచుంటిని! 1.025 ఉండవలసిన సాపేక్ష సాంద్రత 1.030కి పెరిగెను. ఆనాటికి తొట్టిలో ప్రాణి లేకపోవుటచే బ్రతికిపోతిమి. ఇరువదియేండ్లు బాష్పీభవనము బోధించినవాడను నేను.

తరువాతి తప్పునకు ప్రాణములు పోయినవి. చేపల విసర్జనము నుండి, మిగిలిన మేత నుండి నీటిలో అమ్మోనియా పుట్టును. ఒక తెగ బాక్టీరియా దానిని నైట్రైటుగను, మరియొక తెగ ఆ నైట్రైటును అంతగా హాని చేయని నైట్రేటుగను మార్చును. ఈ రెండు తెగలును రాళ్లపై, ఇసుకలో స్థిరపడి తగినంత వృద్ధిపొందుటకు సాధారణముగా నాలుగు నుండి ఆరు వారములు పట్టును. జకార్తాకు చెందిన లీ చిన్ ఎంగ్ 1961లోనే, సముద్రపు రాళ్లను వానిపై నున్న జీవజాలముతో సహా తొట్టిలో నుంచి, గాలిబుడగలు తప్ప పెద్ద యంత్రమేదియు లేకుండ చేపలను, పగడములను పెంచిన విధానమును ప్రకటించెను. నీటిని శుభ్రపరచిన పనివారు ఆ రాళ్లలోని కంటికి కనబడని ప్రాణులు. ఆ పనివారు కుదురుకొను వరకు తొట్టిలో చూచుటకేమియు నుండదు. వచ్చినవారెల్లరు "చేపలేవీ?" అని అడుగుదురు.

మూడవ వారమున నా ఓపిక నశించెను. "ఒకటి రెండు చేపలు తట్టుకొనునులే" యని దుకాణదారు చెప్పగా, నాకు కావలసిన మాటయే గనుక నమ్మి, రెండు క్లౌన్ చేపలను కొనితెచ్చితిని. ఆ రాత్రి ఇంటిల్లిపాదియు తొట్టి ముందు కూర్చుండి భోజనము చేసితిమి. నాలుగవనాడు ఒకటి నీటి పైభాగమునకు వచ్చి, నోరు తెరచి ఆయాసపడుచు చనిపోయెను. రెండవది ఆరవనాడు. అప్పుడు పరీక్ష చేసితిని. నాళికలో పచ్చగా నుండవలసిన ద్రవము చిక్కని ఆకుపచ్చగా మారెను. సముద్రపు నీటి పి.హెచ్. 8.2 ప్రాంతమున నుండుటచే, అదే పరిమాణము గల అమ్మోనియా మంచినీటిలో కన్న ఇచట ఎక్కువ విషమగును. ఈ సమతాస్థితిని నేను నల్లబల్లపై ఎన్నిసార్లు వ్రాసితినో లెక్కలేదు. పరీక్షసామగ్రి పెట్టె మూడు వారములుగా తొట్టి ప్రక్కనే యుండెను.

అప్పటికి మా అమ్మాయికి ఎనిమిదేండ్లు. "నాన్నా, చేపలకేమైంది?" అని అడిగెను. "జబ్బు చేసి పోయాయమ్మా" అంటిని. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. మరునాడు దానిని కూర్చుండబెట్టి, "జబ్బు కాదమ్మా, నేనే తొందరపడ్డాను" అని జరిగినదంతయు చెప్పితిని. అది కొంతసేపు ఊరకుండి, "మరి రాసి పెట్టుకోకపోతే మళ్లీ మరిచిపోతావు కదా" అనెను. తన పాత నోటుపుస్తకమొకటి తెచ్చి యిచ్చెను. మొదటి పుటలో ఆ రెండు చేపల సంగతి దాని చేతివ్రాతలోనే యున్నది.

పగడపు తొట్టి పెట్టినవారు తమ మైలురాళ్లను చెప్పుకొనునపుడు సాధారణముగా తెచ్చినవానిని లెక్కింతురు. మొదటి పగడము, మొదటి పెద్ద చేప, రెండవ తొట్టి. నా పుస్తకములో అట్టివియు కలవు. కాని ఇప్పుడు తిరుగవేయగా నాకు పనికివచ్చినవి పోయినవాని పుటలే. 2014లో మాండరిన్ అను చేప నొకదానిని తెచ్చితిని. నీలి, నారింజ రంగుల గీతలతో పట్టుచీర అంచు వలె నుండును. అది రాళ్ల సందులలోని కోపిపాడులను, అట్టి అతిసూక్ష్మ ప్రాణులను దినమంతయు ఏరుకొని తినును. మనము వేయు మేతను సాధారణముగా ముట్టదు. చిన్న తొట్టిలో అవి త్వరలోనే అడుగంటును. ఇదంతయు ముందే చదివితిని. నా తొట్టి మాత్రము వేరని తలచితిని. రెండు నెలలలో అది ఆకలితో చిక్కి చచ్చెను. మిగిలినవి అజ్ఞానముచే జరిగినవని సరిపెట్టుకొందును. ఇది తెలిసి చేసినది. సముద్రప్రాణిని గాజుపెట్టెలో నుంచు హక్కు మనకెక్కడిదని ఎవరైన నన్నడిగినచో, ఈ చేప విషయములో నా యొద్ద సమాధానము లేదు.

2015 నాటి పుటలో సున్నపుతేట కలదు. పగడములు గూడు కట్టుకొనుచు నీటిలోని కాల్షియమును ఖర్చుచేయును. లీటరునకు 400 మిల్లీగ్రాములకు పైగా దానిని నిలుపవలెను. ఇందుకు పడమటి దేశములవారు వాడునది మన ప్రయోగశాలలోని సున్నపుతేటయే. దానిని జర్మనులు కాల్క్‌వాసర్ అనిరి, ఆ పేరే అంతట నిలిచెను. ఆవిరియైన నీటికి బదులుగా రాత్రివేళ బొట్లుబొట్లుగా విడువవలెను. రాత్రి వెలుతురు లేక శైవలములు పని మానును. ప్రాణుల శ్వాసచే నీటిలో బొగ్గుపులుసు వాయువు పెరిగి పి.హెచ్. తగ్గును, సున్నపుతేట ఆ లోటును పూరించును. నేనొకనాడు ఊరికి పోవు తొందరలో రెండు లీటర్ల తేటను ఒక్కసారి గుమ్మరించితిని. నీరు పాల వలె తెల్లబడెను. సున్నపుతేటలోనికి గొట్టముతో ఊదినపుడు పిల్లలు చూచి చప్పట్లు కొట్టు తెలుపే అది. నత్తలన్నియు చచ్చినవి.

ఇన్ని తప్పుల నడుమను బ్రతికి పెరిగినది మోంటిపోరా అను పగడము. 2013లో మరియొకని తొట్టిలో పెరిగినదాని నుండి విరిచిన బొటనవ్రేలంత ముక్కగా తెచ్చితిని. మూడేండ్లలో తామరాకంత విప్పారెను. 2016లో దాని అంచును విరిచి, నాతో పనిచేసిన మిత్రునకు ఒక ముక్క నిచ్చితిని. అతడు తరువాత అరిజోనా రాష్ట్రమునకు మారిపోయెను.

2021 ఫిబ్రవరిలో టెక్సాస్ రాష్ట్రమున ఎన్నడెరుగని మంచుచలి వచ్చి లక్షల ఇండ్లకు విద్యుత్తు నిలిచిపోయెను. మా ఇంట పదునైదవ తేదీ తెల్లవారుజామున పోయిన దీపము మరునాటి రాత్రికి గాని రాలేదు. 25 డిగ్రీలుండవలసిన నీరు 16కు దిగెను. పంపులు లేవు, కదలిక లేదు, నీటిలో ప్రాణవాయువు లేదు. అప్పుడు నాకు అన్నా థిన్ అను ఆంగ్లవనిత జ్ఞాపకము వచ్చెను. 1846లో ఆమె టార్కీ తీరము నుండి పగడములను లండనులోని తన యింటికి తెచ్చి గాజుపాత్రలలో పెంచెను. అప్పటికి పంపులు లేవు గదా. ఇంటి పనిపిల్ల దినదినము కిటికీ యెదుట నిలుచుండి, ముప్పావుగంట వరకు, ఆ నీటిని పాత్ర నుండి పాత్రకు పోయుచుండెను. ఆమె పేరు చరిత్రకెక్కలేదు గాని పగడములను బ్రతికించిన చేతులు ఆమెవే.

మేమును అదే చేసితిమి. తొట్టి చుట్టును రగ్గులు కప్పి, గ్యాసు పొయ్యిపై కాచిన నీటిని సీసాలలో నింపి తొట్టిలో తేలవేసితిమి. అరగంట కొకసారి నేనును, నా భార్యయు, అప్పటికి పదునేడేండ్ల మా అమ్మాయియు చెంబుతో నీటిని తీసి ఎత్తు నుండి పోయుచుంటిమి. రెండవ రాత్రికి చేతులు తిమ్మిరెక్కినవి. చేపలన్నియు బ్రతికినవి. మోంటిపోరా తెల్లబడెను. దేహములోని శైవలములను వెలికి నెట్టి, క్రింది రాతితెలుపు బయటపడ నిలిచెను. వేడిమి ఎక్కువైనను ఇదియే జరుగును. సముద్రములు వేడెక్కుటచే ప్రపంచవ్యాప్తముగా పగడములు తెల్లబడుట 1998 మొదలుకొని నాలుగవ మారు సాగుచున్నదని 2024 ఏప్రిలులో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. నా పగడము మరి కోలుకొనలేదు. మే నెలలో అరిజోనా మిత్రుడు ఒక చిన్న పెట్టె పంపెను. అందు నేనిచ్చిన ముక్క నుండి పెరిగినదాని ముక్క, తడిసంచిలో. మా అమ్మాయి దానిని రాతికి అతికించి, పుస్తకములో తేదీ వేసెను.

నా కథ చదివి మన బడులలో పగడపు తొట్లు పెట్టుడని చెప్పుచున్నానని తలపవలదు. వలదనియే చెప్పుదును. మన దేశమున రాతిపగడములన్నియు 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో చేర్చబడినవి. అండమానులోని దైనను, మన్నారు సింధుశాఖలోని దైనను, పగడపు ముక్కను తీయుట, అమ్ముట, కొనుట నేరము. అమెరికాలో తొట్టిలో పెరిగినదాని ముక్కలు చేతులు మారుట వేరు సంగతి. ఇక బడికి కావలసిన పాఠమునకు ఉప్పునీరే అక్కరలేదు. అమ్మోనియా, నైట్రైటు, నైట్రేటు వరుస మంచినీటిలోను ఇట్లే నడచును. కావలసినవి ఒక తొట్టి, కొన్ని రాళ్లు, క్లోరిను పోయిన నీరు, చిటికెడు చేపమేత, పరీక్షసామగ్రి, ఒక నోటుపుస్తకము. మేత క్రుళ్లి అమ్మోనియా ఎక్కుటయు, ఒకనాడు తనంత దిగిపోవుటయు పిల్లలు తమ చేతితో గీచిన గీతపై చూడవలెను. చేపలు ఆ తరువాత. అటుపై ఒక చేప చచ్చెనా, ఆనాటి తరగతి దానిపైననే జరుగవలెను.

చేప మరణము చూచి పిల్లలు బెదరుదురని ప్రధానోపాధ్యాయుడు సందేహించిరి. కొందరు బెదరుదురు, నిజమే. మా అమ్మాయియు ఏడ్చెను. అయినను అబద్ధము చెప్పిన నాటి కన్న నిజము చెప్పిన నాడు తక్కువ ఏడ్చెను.

వచ్చుటకు ముందు నా పుస్తకమును ఆ బడి సైన్సు మాస్టారి చేతబెట్టి వచ్చితిని. నిన్న ఆయన ఫోను చేసిరి. ఉన్న నాలుగు చేపలను తోటలోని నీటికుండీకి మార్చి, తొట్టిని కడిగి క్రొత్తగా ప్రారంభించిరట. మూడు వారములైనదట. నైట్రైటు ఇంకను దిగలేదు. తనిఖీకి వచ్చిన అధికారి ఖాళీ తొట్టిని చూచి "చేపలేవీ?" అని అడుగగా, ప్రధానోపాధ్యాయుడు ఏమి చెప్పవలెనో తోచక నిలుచుండిరట. తొమ్మిదవ తరగతి పిల్ల యొకతె ముందుకు వచ్చి, "ఇంకా నీళ్లు సిద్ధం కాలేదండీ" అని చెప్పి పుస్తకము తెరచి చూపెనట.