రైలు దిగితే ఊరుండాలి

న్యూజెర్సీలో ఇల్లు కొనే తెలుగువాళ్లు బడులెలా ఉన్నాయని అడుగుతారు. రైలు స్టేషన్ ఎంత దూరమని అడుగుతారు. ద్వారం తూర్పుకుందా అని తప్పక అడుగుతారు. నడిచి వెళ్లి పాలు తెచ్చుకోగలమా అని అడిగేవాళ్లు మాత్రం అరుదు. అడిగితే ఏజెంటు మెటుచెన్ పేరు చెప్పాల్సి వస్తుంది.

మెటుచెన్‌కు నాలుగువైపులా ఎడిసనే. 1900లో రారిటన్ టౌన్‌షిప్ నుంచి విడిపోయిన బుల్లి ఊరిది. ఆ రారిటనే 1954లో ఎడిసన్‌గా పేరు మార్చుకుంది. 3 చదరపు మైళ్లు కూడా లేని చోట 15 వేల జనం. న్యూయార్క్ పెన్ స్టేషన్‌కు రైల్లో దాదాపు ముప్పావు గంట.

ఇదే లైన్లో పక్క స్టేషన్ మెట్రోపార్క్. 1971లో దాన్ని కట్టిందే కారు పెట్టి రైలెక్కేవాళ్ల కోసం. ఆమ్‌ట్రాక్ బళ్లు కూడా ఆగుతాయి. కానీ సాయంత్రం దిగినవాళ్లు తిన్నగా పార్కింగ్ డెక్‌లోకి, అక్కణ్ణుంచి హైవే మీదికి. మెటుచెన్‌లో దిగినవాళ్లు మెయిన్ స్ట్రీట్‌లో పడతారు. ఇంటికి నడుస్తూ ఒకరు బ్రెడ్డు కొంటారు, ఒకరు కాఫీకి ఆగుతారు. దుకాణాలు అద్దెలు కట్టగలిగేది ఆ కాలినడక బేరాలతోనే.

ఈ డౌన్‌టౌన్‌కు 2023లో గ్రేట్ అమెరికన్ మెయిన్ స్ట్రీట్ అవార్డు వచ్చింది. అందరూ పూలకుండీలనూ దీపాలనూ మెచ్చుకుంటారు. నా ఓటు మాత్రం స్టేషన్ పక్కన ఒకప్పటి పార్కింగ్ స్థలంలో లేచిన అపార్ట్‌మెంట్లకు. ఇలాంటివి కడతామన్నప్పుడల్లా ఏ ఊళ్లోనైనా అభ్యంతరాలు ఒకటే: ట్రాఫిక్, బడుల్లో రద్దీ. రద్దీ మాట కొట్టిపారేసేది కాదు. అయితే డౌన్‌టౌన్ వల్ల ఇంటి విలువ పెరగాలి, దాన్ని బతికించే మనుషులు మాత్రం రాకూడదంటే ఎలా?

నడక దూరంలో ఊరు లేకపోవడం మనవాళ్లకు మరోలా తగులుతుంది. విజయవాడలో రోజూ రైతుబజారుకు నడిచే నాన్నగారు ఆరు నెలలకని ఇక్కడికొస్తారు. మన్రో లాంటి శివారు ఊళ్లో నాలుగు బెడ్‌రూముల ఇంట్లో, కొడుకు ఆఫీసు నుంచి వచ్చేదాకా గడప దాటి వెళ్లే చోటుండదు. శనివారం ఆయన్ని కారెక్కించి మెటుచెన్ తీసుకొస్తారు. పార్కింగ్ దొరకలేదని విసుక్కుంటారు.

నిజమే, మెటుచెన్‌లో ఇళ్లు పాతవి, గదులు ఇరుకు, ధర దండిగా. ఆ ధర కాస్త దిగిరావాలన్నా స్టేషన్‌కు నడిచే దూరంలో ఇంకొన్ని ఇళ్లు లేవాల్సిందే, మెటుచెన్‌లోనే కాదు, ఈ లైన్లో ప్రతి స్టేషన్ దగ్గరా.