మన్రో దొరకు మొక్కింది చాలు!

ఆదోని, ఎమ్మిగనూరు పక్క మన్రో పేరెత్తితే చేతులు జోడించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కన్నబిడ్డలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్న సీమ ఇది!

ఎవరీ మన్రో? 1800లో కంపెనీ సైన్యం ఖర్చు కింద నిజాం మన సీమను తెల్లోళ్లకు ధారపోశాడు. ఇచ్చినోడు మనల్ని అడగలేదు, పుచ్చుకున్నోడూ అడగలేదు. అట్లా 'దత్త మండలాలు' అయిన ఈ నేల మీద శిస్తు వసూలుకు దిగిన కలెక్టరే థామస్ మన్రో. 80 మంది పాళెగాళ్లను అణిచాడు. పొలాలు కొలిపించి రైతు రైతుకూ శిస్తు కట్టాడు.

మంచోడే, కాదనం. శిస్తు బరువైందని, నాలుగో వంతు తగ్గించమని 1807లో తనే రాశాడు. కంపెనీ విన్నదా? ఆయన వెళ్లిపోగానే ఊళ్లకు ఊళ్లు గుత్తకిచ్చింది. 1820లో ఆయనే మద్రాసు గవర్నరయ్యాక గానీ ఆ తగ్గింపు రాలేదు. 1827లో మన పత్తికొండలోనే కలరాతో కన్నుమూశాడు.

దొర మంచోడైతే మేలు, కాకుంటే గోడు! ఇది హక్కా, భిక్షా? తుంగభద్ర దిగువ కాల్వ నీళ్లకూ, సుగ్గికి పోకుండా ఊళ్లోనే పనికీ నేటికీ దొరల దయకే ఎదురుచూడాలా?

విద్యార్థులారా, ఉద్యోగులారా! మొక్కుడు మానండి. లెక్క అడగండి.